ఘంటసాల గొంతుకి జలుబా?

గుంటూరు మిర్చియార్డులో సరుకు కొనేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? టిక్కీ పైపైన కనిపించే కాయని నమ్మరు. చెయ్యి లోపలికంటా పోనిచ్చి అడుగు నుంచి నాలుగు కాయలు లాగుతారు. తొడిమ చూస్తారు. విరిచి గింజ చూస్తారు. గుప్పిట్లో నలిపి తేమ ఎంతుందో కనిపెట్టేస్తారు. పత్తి కొనేవాళ్లయితే కాస్త దూది తీసుకుని రెండు చేతుల వేళ్లతో సాగదీసి పింజ పొడవు చెప్పేస్తారు. పక్కవాడు ఎన్ని చెప్పినా సరే, సరుకు తన చేతికి ఏం చెప్పిందన్నదే వాళ్ల లెక్క.

అదే మనిషి మూడు లక్షలు పెట్టి ఇంటికి స్పీకర్లు కొనేటప్పుడు? రంగుల కాగితం మీద వాట్లు చూస్తాడు. పెట్టె ఎత్తు చూస్తాడు. షోరూమ్ కుర్రాడు పెట్టిన ఇంగ్లిషు పాట రెండు నిమిషాలు వింటాడు. 'సరే, ప్యాక్ చేయించు తమ్ముడూ' అనేస్తాడు!

ఇప్పుడిదంతా ఎందుకంటే... అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన తరవాత తుళ్లూరు, తాడేపల్లి, మంగళగిరి చుట్టుపక్కల ఇళ్ల తీరే మారింది. ఇటు గుంటూరులో, అటు ఒంగోలులో కొత్తగా కట్టే ఇంటికి పెద్ద హాలు ఉండాల్సిందే. హాలున్నాక ఓ మూల పాటల పెట్టె కూడా ఉండాల్సిందే. సినిమా చూసేందుకు గది చుట్టూ అమర్చే హోమ్ థియేటర్ సంగతి వేరు, దాని గురించి మరో వారం చెప్పుకుందాం. ఈ వారం ముచ్చట అచ్చంగా పాట వినడానికి కొనుక్కునే రెండు స్పీకర్ల గురించి. జత లక్ష రూపాయల దగ్గర మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియని ఆ రెండు చెక్కపెట్టెల్ని ఎలా ఎంచుకోవాలి? ఎలా విని చూడాలి?

కాగితం చెప్పే కథ

1956లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఓ కుర్రాడు డాక్టరేట్ పూర్తి చేస్తున్నాడు. ఎలక్ట్రికల్ ఇంజినీరు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాడు. తనకి తాను ఓ బహుమతి ఇచ్చుకుందామనిపించి మంచి స్టీరియో సెట్ కొనాలనుకున్నాడు. అంకెలు చదవడం వచ్చినవాడు కదా, కాగితాలన్నీ తిరగేసి బాగున్నవాటినే ఎంచుకున్నాడు. ఇంటికి తెచ్చి వయొలిన్ రికార్డు పెట్టాడు. తీరా చూస్తే అది వయొలిన్‌లా లేదు! కాగితం మీద ఇంత బాగున్నది చెవికి ఎందుకు బాగా లేదన్న ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధించాడు. 1964లో సొంత కంపెనీ పెట్టాడు. ఆయనే అమర్ గోపాల్ బోస్. తండ్రి బెంగాల్ నుంచి వెళ్లిన స్వాతంత్ర్యోద్యమ విప్లవకారుడు. కంపెనీ పేరు చెప్పక్కర్లేదుగా!

ఎంఐటీ ఇంజినీరుకే అంకెలు అక్కరకి రాకపోతే మనమెంత? అలాగని వాటిని పూర్తిగా పక్కన పెట్టమని కాదు. రెండంకెలు మాత్రం పనికొస్తాయి.

ఒకటి సెన్సిటివిటీ. ఒక వాట్ పవర్ ఇస్తే మీటరు దూరంలో స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె ఇది. 84 డెసిబెల్స్ అని ఒకదాని మీద, 90 అని మరోదాని మీద రాసుంటుంది. ఆరే కదా తేడా అనుకుంటాం. కానీ ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి. అంటే 90 స్పీకరు 25 వాట్లతో ఇచ్చే శబ్దం 84 స్పీకరు ఇవ్వాలంటే వంద వాట్లు పొయ్యాలి. స్పీకరు చవగ్గా వచ్చిందని సంబరపడితే ఆంప్లిఫయర్ దగ్గర ఆ డబ్బు వదిలిపోతుందన్నమాట. రెండోది ఇంపిడెన్స్, ఓమ్స్‌లో చెబుతారు. ఎనిమిది ఓమ్స్ స్పీకర్లని దాదాపు ఏ ఆంప్లిఫయరైనా మోస్తుంది. నాలుగు ఓమ్స్ అంటే గట్టి ఆంప్లిఫయర్ ఉండాలి.

ఇక వాట్లంటారా... ఒకప్పటి టేప్‌రికార్డర్ల మీద 'పీఎంపీవో 2000 వాట్స్' అని మెరిసే స్టిక్కర్లు గుర్తున్నాయా? ఆ లెక్క నిజమే అయితే ఇంట్లో మీటరు గిర్రున తిరిగిపోయేది! స్పీకర్ల మీద రాసే వాట్లు అంత అబద్ధం కాకపోయినా, అది ఎంత పవర్ తట్టుకుంటుందో చెబుతాయే తప్ప ఎంత బాగా పాడుతుందో చెప్పవు. విచిత్రం ఏమిటంటే, ఎక్కువ పవరున్న ఆంప్లిఫయర్ కన్నా తక్కువ పవరున్న దాన్ని ఆఖరుకంటా తిప్పితేనే స్పీకర్లు ఎక్కువగా పాడవుతాయి. శక్తికి మించి లాగించినప్పుడు అది సన్నని తీగచుట్ట ఉండే ట్వీటర్‌ని మాడ్చేస్తుంది.

మన ఊళ్ల గొంతులే ప్రశ్నపత్రం

షోరూముల్లో పాటలకి ఓ సంప్రదాయం ఉంది. ఈగల్స్ బృందం 1994లో మళ్లీ కలిసి చేసిన కచేరీలోని 'హోటల్ కాలిఫోర్నియా' పెడతారు. మొదట్లో డ్రమ్ము 'ధబ్' మంటుంది, మన గుండె కూడా 'ధబ్' మంటుంది. లేదంటే ఆడగొంతు, పక్కన ఒక్క గిటారు ఉన్న పాట ఏదో వినిపిస్తారు. ఎంత మామూలు స్పీకరులోనైనా బాగుండే పాటలివి. వాటిని వినండి, ఆనందించండి. కానీ నిర్ణయం మాత్రం మీకు నరనరానా తెలిసిన పాటలతోనే తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఓ పది పాటలు వేసుకెళ్లండి, అసలు సీడీ ఉంటే మరీ మంచిది. ఎక్కడి నుంచో దింపుకొన్న నలిగిపోయిన ఎంపీత్రీలైతే స్పీకర్ల లోపమేదో, ఫైలు లోపమేదో తేల్చుకోలేరు.

ఏ పాటలు? మన చుట్టుపక్కల ఊళ్ల గొంతులే చాలు. ఇంతకన్నా కఠినమైన ప్రశ్నపత్రం లండన్‌లోనూ దొరకదు.

ముందుగా ఘంటసాల. పక్కనున్న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టినాయన. సినిమా పాట వద్దు, చివరి రోజుల్లో పాడిన భగవద్గీత పెట్టండి. శ్లోకం పాడతారు, వెంటనే తాత్పర్యం మాటల్లో చెబుతారు. పాడే గొంతూ మాట్లాడే గొంతూ ఒకే మనిషివిగా వినిపించాలి. మాటలు వచ్చేచోట గొంతు లావై, బానలోంచి వచ్చినట్టుంటే ఆ స్పీకరుకి దణ్నం పెట్టి లేచిపోవచ్చు.

తరవాత మాధవపెద్ది సత్యం. గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరు మనిషి. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడి భోజనాల పాట తెలియని తెలుగువాడుంటాడా? ఆ నవ్వు ఛాతీలోంచి రావాలి. చిన్న స్పీకర్లలో అది గొంతులోంచి వస్తుంది. మరీ లావు స్పీకర్లలో ఛాతీ ఒక్కటే మిగిలి మాటలు మింగుడుపడిపోతాయి.

రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి పాట ఒకటి ఉండాలి, అందులోనూ చిన్నపిల్ల గొంతుతో పాడింది. స, శ, ష అక్షరాల దగ్గర చెవి పెట్టండి. మంచి స్పీకరులో ఆ మూడూ మూడు వేరువేరు అక్షరాలు. కొన్ని ఖరీదైన స్పీకర్లలో కూడా అవి పాము బుసలా ఒకటైపోతాయి. షోరూములో ఆ బుస 'అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది' అనిపిస్తుంది. ఇంటికొచ్చాక అరగంటలో తలనొప్పి తెప్పిస్తుంది.

ట్వీటర్‌కి ఇంకో పరీక్ష కావాలంటే సుద్దపల్లి నుంచి వచ్చిన ఈలపాట రఘురామయ్య ఉన్నారు. రికార్డింగు పాతదే, గరగరలుంటాయి. అయినా ఆ ఈల గాల్లో తీగలా సాగాలి, సూదిలా గుచ్చకూడదు. చివరగా ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా నాదస్వరం. పెళ్లిపందిట్లో పదడుగుల దూరంలో నాదస్వరం విన్న ఎవరికైనా దాని నిండుదనం తెలుసు. దాన్ని స్పీకరులో పట్టివ్వడం మహా కష్టం. చిన్న పెట్టెలైతే బెదిరిపోతాయి, గట్టిగా పెట్టేసరికి వాద్యం బదులు కారు హారన్ మోగుతుంది.

వీటికి తోడు మృదంగం ఉన్న కచేరీ ఒకటి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1920లోనే మృదంగం మీద నేచర్ పత్రికకి పరిశోధన వ్యాసం రాశారు. మామూలు డప్పు చర్మం నుంచి వచ్చే నాదాలు ఒకదానితో ఒకటి శ్రుతి కలవవు. మృదంగం కుడివైపున కరణి పూయడం వల్ల అవి తీగ వాద్యంలో మాదిరిగా శ్రుతిలో కలుస్తాయని తేల్చారాయన. కాబట్టి మృదంగం దెబ్బ కేవలం 'ధబ్' కాదు, దానికో స్వరం ఉంటుంది. ఎడమవైపు తొప్పి మీద పడే ప్రతి దెబ్బకీ ఒకే 'భుమ్' వస్తోందంటే అది మృదంగం పాడుతున్నది కాదు, పెట్టె పాడుతున్నది.

ఇంకో చిన్న చిట్కా. పాత సినిమా పాటలు మోనో. అంటే రెండు స్పీకర్లలోంచీ ఒకే శబ్దం వస్తుంది. అది లోపమనుకుంటారు చాలామంది, నిజానికి అదో గొప్ప కొలబద్ద. రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన కూర్చుని మోనో పాట వింటే గొంతు మధ్యలో, గాల్లో, మనిషి నోరంత చోటు నుంచే రావాలి. అక్కడ ఎవరో నిలబడి పాడుతున్నట్టే ఉండాలి. గొంతు గోడంత వెడల్పై ఎక్కడుందో తెలియకుండా, కింది స్వరాలు పలచబడిపోతే ఒక స్పీకరుకి ఎర్రవైరు, నల్లవైరు తారుమారయ్యాయని అర్థం. షోరూముల్లో కూడా ఇది జరుగుతుంది, మొహమాటపడకుండా అడగండి.

'లక్షలు పాడతాయిట్రా?'

గుంటూరు బ్రాడీపేటలో నాకో మిత్రుడున్నాడు. మిర్చి కమిషన్ వ్యాపారం. ఓ సీజన్ కలిసొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక తీర్చుకుందామని పొరుగు నగరం వెళ్లి మూడున్నర లక్షలకి నిలువెత్తు టవర్ స్పీకర్లు కొన్నాడు. అక్కడ విన్నప్పుడు ఒళ్లు పులకరించిందన్నాడు. ఇంటికొచ్చి హాల్లో టీవీ షోకేసుకి అటూ ఇటూ మూలల్లో పెట్టించాడు. గోడకీ వాటికీ మధ్య చీపురు కూడా దూరదు. శుభమా అని వాళ్లమ్మని కూర్చోబెట్టి ఘంటసాల పాట పెట్టాడు.

పెద్దావిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణితో పాటే పెరిగిన చెవులు. భక్తిరంజని వినకుండా పొయ్యి వెలిగించని ఇల్లు. ఒక్క చరణం విన్నారు.

"ఏరా, ఘంటసాలకి జలుబు చేసిందా? కుండలో తల పెట్టి పాడుతున్నాడేంటి?"

"అదేంటమ్మా, మూడున్నర లక్షలే ఇవి!"

"అయితే మాత్రం? లక్షలు పాడతాయిట్రా?"

మావాడి మొహం చూడాలి! కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే వెనక్కి తీసుకోమన్నారు. 'మీకు తెలియట్లేదు సార్, నెల రోజులు మోగిస్తే అవే సర్దుకుంటాయి. కావాలంటే మంచి కేబుల్ ఉంది, నలభై వేలు' అన్నారట. స్పీకరు కోనులు మొదట్లో కాస్త బిగువుగా ఉండి తరవాత సడలే మాట కొంత నిజమే. కానీ కుండలో తల పెట్టిన మనిషి నెల రోజుల్లో బయటికి రాడు! వైరు సంగతికొస్తే, పదిహేను ఇరవై అడుగుల దూరానికి మామూలు లావు రాగితీగ చాలు. ఆ నలభై వేలతో ఏంచేయాలో ముందుముందు చెబుతాను.

మావాడి హాల్లో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూశాం. 'టింగ్‌'మంటూ గోడల మధ్య మోగింది. ఎందుకు మోగదు? నేల ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్, అద్దంలా మెరుస్తోంది. ఓ పక్క నిలువెత్తు గాజుతలుపులు. మిగతా గోడలకి పుట్టీ పెట్టి నున్నగా రంగు. ఎక్కడా ఒక గుడ్డముక్క లేదు. ప్రపంచమంతా కొనుక్కుపోయే ఆ గెలాక్సీ గ్రానైట్ అందానికి తిరుగులేదు. కానీ శబ్దానికి అది గట్టిబండ. బంతిని విసిరినట్టు వెనక్కి కొట్టేస్తుంది. స్పీకరు నుంచి తిన్నగా వచ్చిన పాట ఒకటి, నేల మీద, గోడల మీద తగిలి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వచ్చేవి ఇంకో నాలుగు. అన్నీ కలగలిసి అక్షరాల అంచులు అరిగిపోతాయి. ఇక మూలల సంగతి. స్పీకరుని గోడకి ఆనిస్తే కింది స్వరాలు బలుస్తాయి, మూలకి నెడితే ఇంకా బలుస్తాయి. నోటికి రెండు చేతులూ దొప్పలా పెట్టుకుని మాట్లాడి చూడండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఆ ఆదివారం చేసింది మూడే పనులు. ఇద్దరం కలిసి స్పీకర్లని మూలల్లోంచి లాగి గోడకి మూడడుగుల దూరంలో పెట్టాం. వాటి మధ్య దూరం ఎంతో, కూర్చునే చోటుకీ ఒక్కో దానికీ అంతే దూరం ఉండేలా... మూడు కాళ్ల పీటకి కాళ్లు అమర్చినట్టన్నమాట. రెండోది, స్పీకర్లకీ సోఫాకీ మధ్య పైగదిలో చుట్టి పెట్టిన తివాచీ పరిచాం. మూడోది, అటక మీద ఉన్న పాత దూది పరుపులు రెండు దించి పక్కగోడలకి ఆనించాం. పైసా ఖర్చు లేదు. పెద్దావిడ మళ్లీ వచ్చి కూర్చున్నారు. పాట అయ్యేదాకా ఏమీ అనలేదు. అయ్యాక "ఇంకోటి పెట్టు" అన్నారు. అంతే.

పత్తి పండే నేల మీద...

గదిని బాగు చేసుకోవడానికి ఊళ్లో దొరకనిదేమీ లేదు. పత్తి పండించే జిల్లాల్లో ఉండి బయటి దేశం నుంచి స్పాంజి ముక్కలు తెప్పించుకోవడం నాకైతే వింతగానే ఉంటుంది. నాలుగంగుళాల మందాన దూది కూరిన పరుపు మనిషి గొంతులోని పై స్వరాల్ని బ్రహ్మాండంగా పీల్చుకుంటుంది. గోడకి అంటించకుండా వెనక నాలుగంగుళాల ఖాళీ వదిలితే ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. పరుపులు కుట్టేవాళ్లకి కొలతలిచ్చి, మంగళగిరి చేనేత గుడ్డ తొడుగు వేయిస్తే చూసినవాళ్లు గోడకి వేలాడదీసిన అలంకారమనే అనుకుంటారు. నేల మీదకి ఏలూరు తివాచీ ఉండనే ఉంది. కేబుల్‌కి పెట్టాల్సిన ఆ నలభై వేలలో ఇవన్నీ అయిపోగా, మిగిలిన డబ్బుతో పాటలు కొనుక్కోవచ్చు.

పరుపు ఎక్కడ పెట్టాలి? మీరు వినే చోట కూర్చోండి. ఇంట్లో ఎవరినైనా పక్కగోడ వెంబడి చేత్తో అద్దం పట్టుకుని జరుగుతూ వెళ్లమనండి. అద్దంలో మీకు స్పీకరు ఎక్కడ కనిపిస్తే శబ్దం కూడా అక్కడే తగిలి మీ దగ్గరికొస్తుంది. అదీ పరుపు చోటు. అలాగని నాలుగు గోడలకీ పరుపులు కప్పేయొద్దు. మరీ అంతా పీల్చేస్తే పాట చచ్చిపోతుంది, పత్తి గోదాంలో కూర్చుని వింటున్నట్టుంటుంది.

పరుపులు, పరదాలు మొత్తుకున్నా లొంగనిది మాత్రం బేస్. గది కొలతల్లోనే దాని జాతకం ఉంటుంది. శబ్దం సెకనుకి దాదాపు 345 మీటర్లు పోతుంది. పన్నెండడుగుల గదిలో అటు గోడ నుంచి ఇటు గోడకి తిరిగే శబ్దతరంగం 47 హెర్ట్జ్ దగ్గర నిలిచిపోయి ఊగుతుంది. గది పన్నెండుకి పన్నెండు చదరమైతే రెండు వైపులా అదే స్వరం, రెట్టింపు గుంజాటన. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది మొత్తం 'గుమ్మ్' మంటుంది. అందుకే ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లకి ఓ మాట. పాటల గది చదరంగా వద్దు, నిడివిగా ఉండనివ్వండి. స్పీకర్లు పొట్టి గోడ వైపు పెట్టి, మీరు గదికి సరిగ్గా నడిమధ్యలోనూ వెనకగోడకి ఆనుకునీ కాకుండా కూర్చోండి. అయినా గుమ్మంటుంటే స్పీకర్లనీ కుర్చీనీ అడుగు ముందుకీ వెనక్కీ జరిపి చూడాల్సిందే. ఒక్క అడుగుతో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా వస్తుంది. చిన్న గదికి పెద్ద టవర్లు కొనడం మాత్రం డబ్బిచ్చి గుమ్మరింత కొనుక్కోవడమే. పది పన్నెండడుగుల గదికి గట్టి స్టాండు మీద పెట్టే చిన్న స్పీకర్లే మేలు.

కళ్లు మూసుకుని కొనండి

కళ్లు మూసుకుని కొనొద్దని కదా ఎవరైనా చెప్పేది! ఇక్కడ తిరగబడింది. 1994లో అమెరికాలోని హార్మన్ సంస్థ పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఓ ప్రయోగం చేశారు. సొంత సంస్థలోనే పనిచేసే నలభై మందిని కూర్చోబెట్టి నాలుగు రకాల స్పీకర్లు వినిపించారు. ఓసారి తెర వెనక ఉంచి, ఇంకోసారి కళ్లముందే పెట్టి. తెర వెనక ఉన్నప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చవక చిన్న సెట్టు కళ్లకి కనపడేసరికి వెనకబడింది. పెద్ద పెద్ద పెట్టెలకి మార్కులు పెరిగాయి. శబ్దం అదే, పాట అదే, చెవులూ అవే. మారిందల్లా కళ్లు చూసింది! స్పీకర్ల సంస్థలో పనిచేసేవాళ్ల సంగతే ఇది.

కాబట్టి షోరూములో ఏది మోగుతోందో మీకు చెప్పొద్దనండి. మీతో వచ్చిన మనిషిని మార్చమనండి. మీరు కళ్లు మూసుకుని ఒకటి, రెండు అని కాగితం మీద రాసుకోండి. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త వాల్యూమ్. రెండిటిలో ఏది రవ్వంత గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది, ఒక్క డెసిబెల్ తేడా చాలు. అమ్మదలచుకున్నదాన్ని పిసరంత ఎక్కువ పెట్టడం అమ్మకంలో పాత విద్య. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వేసుకెళ్లి, కూర్చున్నచోట రెండూ ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంట్లో మీరెంత శబ్దంతో వింటారో అంతే పెట్టించండి. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి సన్నగా పెట్టినా ఆ పాట నిండుగా ఉందా? ఖరీదైన స్పీకర్ల అసలు ఘనత అక్కడ తెలుస్తుంది. గట్టిగా అరవడం మైకుసెట్టుకి కూడా వచ్చు!

ఒకేరోజు అయిదారు రకాలు వినకండి. మూడోదానికే చెవి మొద్దుబారుతుంది. రెండేసి చొప్పున, ఒక్కోదాన్ని కనీసం గంట. విన్నాక 'బేస్ ఎలా ఉంది, ట్రెబుల్ ఎలా ఉంది' అని ప్రశ్నించుకోవద్దు. ఇంకో పాట వినాలనిపిస్తోందా, లేచిపోవాలనిపిస్తోందా? అదొక్కటే చూసుకోండి. వెంట తీసుకెళ్లేది ఎవరిని? లక్షలు పెట్టగలిగే వయసొచ్చేసరికి చాలామందికి పై స్వరాలు వినికిడిలోంచి జారిపోయి ఉంటాయి. అది వయసు ధర్మం. ఇంట్లో కాలేజీకెళ్లే అమ్మాయుంటే ఆ అమ్మాయి చెవులు కూడా పట్టుకెళ్లండి. మీకు వినపడని కీచుదనం రోజూ వినాల్సింది ఆమే కదా.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో విన్న తరవాతే డబ్బు కట్టడం. వాడి చూసిన డెమో జతని అడ్వాన్స్ తీసుకుని రెండు మూడు రోజులకి ఇచ్చే డీలర్లున్నారు. రానుపోను కారు ఖర్చు మీరు పెట్టుకోవాల్సి రావొచ్చు. మూడు లక్షల మీద అదెంత? అలా ఇవ్వనంటే నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట చాలదు, మా బ్రాడీపేట మిత్రుణ్ని అడగండి చెబుతాడు.

ఏ కంపెనీ అని అడిగితే నేను పేరు చెప్పను. మీ గది నేను చూళ్లేదు కాబట్టి. కాకపోతే ఓ తీరు చెబుతాను. బ్రిటన్‌లో బీబీసీ ఇంజినీర్లు స్పీకర్లు రూపొందించేటప్పుడు స్టూడియోలో మాట్లాడుతున్న మనిషి గొంతుని నేరుగా ఒకసారి, స్పీకరులో ఒకసారి విని పోల్చేవాళ్లు. ఆ పద్ధతిలోంచి వచ్చిందే 1970ల్లో ప్రసార వ్యాన్ల కోసం చేసిన ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి స్పీకరు. ఇప్పటికీ దాన్ని కళ్లకద్దుకునేవాళ్లున్నారు. బీబీసీ నుంచి బయటికొచ్చి సొంతంగా కంపెనీ పెట్టిన స్పెన్సర్ హ్యూజ్, భార్య డొరొతీ పేరు కలిపి 'స్పెండార్' అన్నాడు. డడ్లీ హార్వుడ్ తన భార్య ఎలిజబెత్ పేరు కలిపి 'హార్బెత్' అన్నాడు. హాల్లో అంతంత పెట్టెలు పెడుతున్నప్పుడు ఇల్లాలి పేరు పెట్టడం బుద్ధిమంతుల లక్షణమే మరి! గొంతు కోసం, పాట కోసం వెతికేవాళ్లు ఈ సంప్రదాయం నుంచి వచ్చినవి ఒక్కసారైనా వినాలి. మనదేశంలోనూ ఈ పని చేసినవాళ్లున్నారు. కోల్‌కతాలో 1970లో మొదలైన సొనోడైన్, కొచ్చిలో ఆర్కిటెక్ట్ జాకబ్ జార్జ్ రూపకల్పన చేసిన రెథమ్ అలాంటివే. రెథమ్ విదేశాల్లోనూ పేరు తెచ్చుకుంది.

ఎండా, ఉక్కా, ఎలుకా

విదేశీ పత్రికల సమీక్షల్లో ఎవరూ రాయని సంగతులు కొన్ని మన వాతావరణంలో ఉన్నాయి. స్పీకరు కోను చుట్టూ మెత్తని అంచు ఉంటుంది చూశారా... అది ఫోమ్‌తో చేసిందైతే కొనకండి. కోస్తా ఉక్కపోతకి కొన్నేళ్లలో అప్పడంలా పొడిపొడైపోతుంది. రబ్బరు అంచయితే చాలాకాలం మన్నుతుంది. పాత స్పీకర్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు జాలీ తీయించి ఈ అంచుని వేలితో సున్నితంగా నొక్కి చూడటం మరిచిపోవద్దు.

పల్లెల్లో వోల్టేజీ హెచ్చుతగ్గులకి ముందు బలయ్యేది ఆంప్లిఫయర్. దానికి స్టెబిలైజరు, ఇంటికి సరైన ఎర్తింగు తప్పనిసరి. స్పీకరు వెనక గుండ్రటి రంధ్రం ఉంటే అది గాలి కోసం, ఎలుక కోసం కాదు. కానీ ఎలుకకి ఆ సంగతి తెలియదు. లోపల మెత్తటి దూది లాంటిది కూరి ఉంటుంది కాబట్టి కాపురం పెట్టేస్తుంది. వేసవిలో నెల రోజులు ఇల్లు తాళం వేసి వెళ్లేటప్పుడు ఆ రంధ్రాన్ని గుడ్డతో మూసి వెళ్లండి, వచ్చాక తీయడం గుర్తుంచుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో ముందు జాలీ ఉన్న స్పీకర్లే కొనాలి. ట్వీటరు మధ్యలో ఉండే బొడిపెని చూస్తే ఏ రెండేళ్ల పిల్లాడికైనా వేలితో నొక్కాలనే అనిపిస్తుంది. ఒక్క నొక్కు చాలు.

కొనేముందు అడగాల్సింది మరొకటుంది. ట్వీటరో, ఊఫరో పోతే విడిభాగం మనదేశంలో దొరుకుతుందా, ఎన్నాళ్లలో వస్తుంది? మరమ్మతుకి పంపాల్సి వస్తే ముప్ఫై కిలోల పెట్టెని లారీ ట్రాన్స్‌పోర్టులో వేయాలి. కంపెనీ ఇచ్చిన అట్టపెట్టె, లోపలి థర్మకోల్ దిమ్మలు ఉంటేనే అది పగలకుండా చేరుతుంది. అందుకని స్పీకర్లు వచ్చిన రోజే పాత సామాన్లవాడు ఆ డబ్బాలకి ఎంతిస్తానన్నా ఇవ్వకండి. పరుపులు దించిన అటక ఖాళీగానే ఉంటుంది, అక్కడ పెట్టించండి.